కవలల నాన్నకు రాత్రి డ్యూటీ

పసిపిల్లల సంగతులు అడుగుతూ వచ్చే ఉత్తరాలు మామూలుగా అమ్మలో అమ్మమ్మలో రాస్తారు. ఈసారి వరసగా నాన్నల దగ్గర్నుంచి వచ్చాయి, అందులోనూ కవలల నాన్నలు, అందుకే ఈ పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. గుంటూరులో పసిపిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మందులు, మోతాదులు మాత్రం మీ పిల్లల డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది భవానీపురం. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపులో పని చేస్తాను. మాకు బాబు, పాప కవలలు. ముప్పై మూడో వారంలోనే కాన్పయింది. బాబు 1.8 కిలోలు, పాప 1.6 కిలోలు. మూడు వారాలు హాస్పిటల్లో ఉంచి పంపించారు, ఇప్పుడు రెండు నెలలు వస్తున్నాయి. మా ఆవిడ గుంటూరులో పుట్టింట్లో ఉంది, ఐదో నెల వచ్చేదాకా పంపం అంటున్నారు. నేను ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను. ఎత్తుకోబోతే మా అత్తగారు ‘మెడ నిలవని పిల్లలు బాబూ, మీకు చేతకాదు’ అంటారు. మా ఆవిడకి నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి, అత్తగారికేమో మోకాళ్ల నొప్పులు. నా పిల్లల్ని చూడ్డానికి నేనే చుట్టంలాగా వెళ్లొస్తున్నాను. పైగా రెండు నెలలు వస్తున్నా పిల్లలు మొహం చూసి నవ్వట్లేదని బంధువులు ఏదేదో అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: బాబూ, ముందు నవ్వు సంగతి తేల్చేద్దాం, ఆ టెన్షన్ ఉన్నంతసేపూ మిగతాదేదీ బుర్రకెక్కదు. నిండు కాన్పంటే నలభై వారాలు. మీ పిల్లలు ఏడు వారాలు ముందు వచ్చేశారు. నవ్వడం, మెడ నిలపడం, బోర్లా పడటం లాంటివి చూసేటప్పుడు ఆ ఏడు వారాలు తీసేసి లెక్కపెట్టాలి. పుట్టి ఎనిమిది వారాలంటున్నారు కదా, అందులో ఏడు పోతే మీ పిల్లల వయసు ఒక్క వారం. వారం బిడ్డ మొహం చూసి నవ్వుతుందా? నిండు నెలల్లో పుట్టినవాళ్లు కూడా ఆరు, ఎనిమిది వారాల మధ్య నవ్వడం మొదలుపెడతారు. కాబట్టి ఇంకో నెలన్నర ఆగండి, బంధువులకూ ఇదే లెక్క చెప్పండి. టీకాలకు మాత్రం ఈ తీసివేత పనికిరాదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్కించి వేయించాలి. ముందు పుట్టారు కదా, బలం వచ్చాక వేయిద్దాం అని వాయిదా వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నిజానికి ముందు పుట్టిన పిల్లలకే ఆ రక్షణ ఎక్కువ అవసరం.

ఇంకొకటి, ఇది ఈ వారంలోనే చూడండి. ముప్పై నాలుగు వారాలకంటే ముందు పుట్టినా, రెండు కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టినా, పిల్లలకు కంటి వెనక రెటీనా పరీక్ష చేయించాలి. పుట్టిన నెలలోపే మొదటిసారి చూడాలి. మీ పిల్లలిద్దరికీ రెండు కారణాలూ ఉన్నాయి. డిశ్చార్జి కాగితం తీసి అందులో కంటి పరీక్ష అయినట్టు ఉందో లేదో చదవండి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో కూడా. లేకపోతే రేపే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పైకి చూస్తే కళ్లు మామూలుగానే ఉంటాయి, లోపల రక్తనాళాలు సరిగా పెరగకపోతే చూపు పోయేదాకా వెళ్తుంది, అదే సమయానికి పట్టుకుంటే లేజరుతోనో ఇంజెక్షన్‌తోనో ఆపగలుగుతారు. ఇద్దరు పిల్లల హడావుడిలో ఆ కాగితం బీరువాలో పడి ఉండిపోతుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక మీ అసలు ప్రశ్న. పురుడు పుట్టింట్లో పోసుకోవాలనే ఆచారంలో మంచి ఉంది, బాలింతకు తల్లి దగ్గర దొరికే విశ్రాంతి ఇంకెక్కడా దొరకదు. కానీ ఆ ఆచారం ఒక బిడ్డను చూసి పెట్టుకున్నది. ఒక బిడ్డయితే అమ్మమ్మ, అమ్మ సరిపోతారు. ఇద్దరు, అదీ నెలలు నిండనివాళ్లయితే మూడో మనిషి కావాలి, ఆ మూడో మనిషి మీరే. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ఉద్యోగాలకు వచ్చిపోయేవాళ్లు ఎంతమంది లేరు? షాపు మూశాక బస్సో రైలో ఎక్కి అత్తగారింటికి వెళ్లండి, రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే బయల్దేరండి. రోజూ కుదరకపోతే వారంలో మూడు నాలుగు రాత్రులైనా. అల్లుడు అత్తారింట్లో మకాం పెట్టాడని వీధిలో ఎవరో అంటారేమో, అననివ్వండి. బండి మీద మాత్రం వద్దు. నిద్రలేని కళ్లతో ఆ హైవే మీద మంగళగిరి దాటి రావడమంటే నాకు భయం, బస్సులో అయితే ఓ గంట కునుకైనా పడుతుంది.

మీ అత్తగారిని పిల్లల్ని ఇమ్మని అడక్కండి. ‘అత్తయ్యా, రాత్రి భోజనం అయ్యాక మీరు పడుకోండి, రెండింటి దాకా నేను చూసుకుంటాను, తర్వాత మిమ్మల్ని లేపుతా’ అనండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి నాలుగు గంటల నిద్ర దొరుకుతుందంటే కాదనడం కష్టం. పిల్లలు మీ చేతుల్లోకి వాళ్లంతట వాళ్లే వస్తారు.

రాత్రి పని ఎలా ఉంటుందో చెబుతాను. ఒక్కో బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది, ఇద్దరికీ కలిపితే పదహారు నుంచి ఇరవై నాలుగు. ఒక్కోసారికి తాగడం, తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, పడుకోబెట్టడం అన్నీ కలిసి ముప్పావు గంట పడుతుందనుకోండి, ఒకరి తర్వాత ఒకరికి పట్టుకుంటూ పోతే తల్లికి రోజులో పడుకునే గంటే మిగలదు. అందుకని ఒకరు లేచినప్పుడు రెండోవాళ్లనూ లేపేయాలి. నిద్రపోతున్న బిడ్డను లేపకూడదని పెద్దలు అంటారు, ఒక బిడ్డ ఉన్న ఇంట్లో అది బాగానే ఉంటుంది, కవలల ఇంట్లో కుదరదు. తల్లి గోడకి ఆనుకుని కూర్చుంటే అటొకటి ఇటొకటి దిళ్లు పెట్టి, ఇద్దరు పిల్లల్నీ చంకల కిందుగా, కాళ్లు వెనక్కి వచ్చేలా పడుకోబెట్టి ఒకేసారి పట్టొచ్చు. ఇది ఆమె ఒక్కతే చేసుకోలేదు, రెండో బిడ్డను అందించే మనిషి పక్కన ఉండాలి. పిల్లల్ని లేపడం, గుడ్డలు మార్చడం, ఒక్కొక్కరినీ అందించడం, తాగిన వెంటనే తీసుకుని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, మళ్లీ పడుకోబెట్టడం, ఇవన్నీ మీవి. ఆమె పాలివ్వడం ఒక్కటే చేసి మళ్లీ పడుకోవాలి. తల్లికి వరసగా రెండు గంటల నిద్ర పెరిగితే మూడోరోజుకే మొహంలో తేడా కనపడుతుంది, వార్డులో నేను ఎన్నోసార్లు చూశాను.

ఒక గీతల నోటుబుక్కు కొనండి. పేజీ మధ్యలో గీత గీసి ఇటు బాబు, అటు పాప. ఎన్నింటికి తాగారు, ఎన్నిసార్లు ఒంటికి పోశారు, దొడ్డికి వెళ్లారా లేదా, చుక్కల మందు వేశామా. రోజుకి ఆరు గుడ్డలకు తగ్గకుండా తడుపుతుంటే పాలు అందుతున్నట్టే. ఐరన్, విటమిన్ డి చుక్కలు రాసి ఉంటారు, కవలల ఇళ్లలో ఒకరికి రెండుసార్లు పడి రెండోవాళ్లకి అసలు పడకపోవడం మామూలు. ఆ బుక్కు, ఆ చుక్కలు, టీకాల కార్డులు, ఇవి మొత్తంగా మీ బాధ్యత అని ఇంట్లో చెప్పేయండి. చాలామంది నాన్నలు మంచి మనసుతోనే ‘ఏం చేయమంటావు చెప్పు’ అని అడుగుతారు. ఏం చేయాలో ఆలోచించి చెప్పడం కూడా ఆ తల్లికి ఒక పనే కదా బాబూ. ఒకటో రెండో పనులు పూర్తిగా మీవై ఉంటే వాటి గురించి ఆమె తలలో పెట్టుకోనక్కర్లేదు, అదే ఆమెకి అసలైన విశ్రాంతి.

చేతకాదన్నారని బాధపడకండి. తక్కువ బరువు పిల్లల్ని ఛాతీకి ఆనించి ఉంచడం వార్డులో మేమే నాన్నల చేత చేయించేవాళ్లం. దీన్ని కంగారూ కేర్ అంటారు, 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒక డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకి ఎనిమిది గంటలకు తగ్గకుండా ఇవ్వమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీ పిల్లలు ఇంకా చిన్నవాళ్లే కాబట్టి ఇంట్లో కొనసాగించండి, తల్లి దగ్గర ఒకరు, మీ దగ్గర ఒకరు, పూటపూటకీ మార్చుకోండి. చొక్కా విప్పి, బిడ్డకి టోపీ, గుడ్డ మాత్రం ఉంచి, నిటారుగా మీ గుండెల మీద ఆనించుకుని, తల పక్కకి తిప్పి, ముక్కు మూసుకుపోకుండా చూసి, పైన ఒక పంచె చుట్టండి. వెనక్కి వాలి కూర్చోవాలి. నిద్ర ముంచుకొస్తే మాత్రం బిడ్డను తీసి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, కుర్చీలోనో సోఫాలోనో బిడ్డతో కలిసి నిద్రపోవడం ప్రమాదం. బిడ్డ మీ ఊపిరితో పాటు సర్దుకుని పడుకోవడం మీ అత్తగారు ఒకసారి చూస్తే చాలు, ఆ మాట మళ్లీ అనరు.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి కూడా మీరే చూసుకోవాలి. కవలలంటే బజారంతా వస్తారు. చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మనడం, జలుబు దగ్గు ఉన్నవాళ్లను గుమ్మంలోనే ఆపడం, ముద్దులు పెట్టొద్దనడం, ఇవి బాలింత చేత చెప్పించకూడదు, అత్తగారు మొహమాటపడతారు, అల్లుడు చెబితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు అరండల్‌పేట. మా కవలలకు నెల. మా అమ్మ ‘ఇద్దరికి పాలు ఎక్కడ సరిపోతాయిరా, ఒకడికి డబ్బాపాలు అలవాటు చేయండి’ అంటోంది. బలానికి ఆముదం, మాటలు త్వరగా రావాలని వస కూడా పడతానంటోంది. ఏం చెప్పాలి?

జవాబు: పాలు ఎంత తాగితే అంత ఊరతాయి. ఇద్దరు తాగుతుంటే ఇద్దరికి సరిపడా ఊరే శక్తి ఎక్కువమంది తల్లులకు ఉంటుంది, కాకపోతే ఆమెకి తిండి, నీళ్లు, నిద్ర అందాలి, పథ్యం పేరుతో కూరలు, పళ్లు, పప్పు మాన్పించకూడదు. సరిపోతున్నాయో లేదో అమ్మ అంచనా, మీ అంచనా పక్కనపెట్టి తూకం వేయించండి. రోజుకి ఇరవై నుంచి ముప్పై గ్రాముల చొప్పున పెరుగుతుంటే ఏ డబ్బా అక్కర్లేదు. ఒకరికి తల్లిపాలు, ఒకరికి డబ్బాపాలు అనే పంపకం మాత్రం ఎప్పుడూ వద్దు, తల్లిపాలు ఇద్దరికీ అందాలి. పెరుగుదల చాలక డాక్టరే పైపాలు రాస్తే అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు, మీ ఆవిడ ముందు ‘నీకు పాలు లేవు’ అనే మాట ఎవరినీ అననివ్వకండి. అప్పుడు డబ్బా మీద రాసిన కొలతే కలపాలి, పొదుపు కోసం పల్చన చేస్తే బిడ్డ ఎండిపోతాడు. సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె మంచిది, వేడినీళ్లలో మరిగించి కడగడం తేలిక. పిండి తీసిన తల్లిపాలు ఫ్రిజ్‌లో పెట్టి మీరు కూడా దాంతోనే పట్టొచ్చు. ఏ షాపువాడైనా, తెలిసినవాళ్లెవరైనా ఫలానా డబ్బా మంచిదని అంటగడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి, మన దేశంలో 1992లో చేసిన చట్టం ప్రకారం పసిపిల్లల డబ్బాపాలకు ప్రకటనలు, ప్రచారం నిషేధం.

ఆముదం, వస రెండూ వద్దు. ఆముదం పడితే విరేచనాలు పట్టుకుని, గొంతులో పడి ఊపిరితిత్తుల్లోకి పోయి వార్డుకి వచ్చిన పిల్లలకి నేను సెలైన్ పెట్టాను. వసతో వాంతులు, ఫిట్స్ వచ్చిన పిల్లలూ ఉన్నారు. సాంబ్రాణి పొగ, ముక్కులో చెవిలో నూనె, కంట్లో కాటుక కూడా అంతే. అమ్మతో పోట్లాడకండి. ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎమ్ చేతో డాక్టరు చేతో ఆ మాట ఆవిడకే నేరుగా చెప్పించండి, కొడుకు చెబితే కోపం వస్తుంది, తెల్లకోటు చెబితే వింటారు. ఆవిడ చేతికి నూనె మర్దనా పని ఇవ్వండి. పిల్లలకీ మంచిది, ఆవిడకీ తృప్తి.

ప్రశ్న: నేను పటమటలో ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. మొదటి కాన్పులోనే కవలలు. పితృత్వ సెలవు ఇద్దరికి రెండింతలు ఇస్తారా?

జవాబు: ఇవ్వరు. ఇద్దరు పుట్టినా పదిహేను రోజులే. మీ ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంటే ప్రైవేటు సంస్థలోనైనా చట్టం ప్రకారం మొదటి కాన్పుకి 26 వారాలు రావాలి, సంస్థలో కనీసం పదిమంది ఉంటే. ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్న నాన్నలకు మాత్రం చట్టంలో ఒక్కరోజు సెలవు కూడా లేదు, ఇది మారాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మీ పదిహేను రోజులు కాన్పు రోజు నుంచే వాడేయకండి. పిల్లలు హాస్పిటల్లో ఉంటే అక్కడ నర్సులు ఉంటారు, ఇంటికి వచ్చిన రోజు నుంచి అసలు అవసరం మొదలవుతుంది, మీ హెడ్మాస్టర్‌తో మాట్లాడి అప్పటికి పెట్టుకోండి. పనిలో పని, జనన నమోదు ఇద్దరికీ విడివిడిగా చేయించాలి, 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు, పేర్లు ఇంకా అనుకోకపోయినా నమోదు ఆపక్కర్లేదు, బారసాల అయ్యాక చేర్పించుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, నేను కృష్ణలంక నుంచి రాస్తున్నా. మా కవలలకు మూడో నెల. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి మా ఆయన మనిషే మారిపోయాడు. మాట్లాడడు, సరిగ్గా తినడు, ఇద్దరూ కలిసి ఏడిస్తే చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోతాడు. మొన్న పాపను గట్టిగా మంచం మీద పడేసినట్టు పెట్టాడు, నాకు భయం వేసింది. ఆయన చెడ్డవాడు కాదక్కా.

జవాబు: చెడ్డవాడు కాదు తల్లీ, నాకూ అలా అనిపించట్లేదు. బాలింతకు దిగులు జబ్బు వస్తుందని ఇప్పుడిప్పుడే మన ఇళ్లలో తెలుస్తోంది, నాన్నకి కూడా వస్తుందని మాత్రం ఎవరూ అనుకోరు. పుట్టిన మొదటి ఏడాదిలో దాదాపు పదిమంది నాన్నల్లో ఒకరికి వస్తుందని డాక్టర్లు చెబుతారు, కవలల ఇంట్లో నిద్ర, డబ్బు రెండూ కరువైనప్పుడు ఇంకా తేలిగ్గా వస్తుంది. మగవాళ్లలో అది ఏడుపులాగా కనపడదు, కోపంలాగా, మౌనంలాగా, ఇంటికి ఆలస్యంగా రావడంలాగా కనపడుతుంది, కొందరిలో తాగుడు కూడా. రెండు వారాలు దాటి ఇలాగే ఉందంటే డాక్టరుకి చూపించాల్సిందే. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఉంటుంది. వెళ్లడానికి ఒప్పుకోకపోతే 14416కి ఫోన్ చేయమనండి, అది టెలీ మానస్, ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు నువ్వే చేసి ఆయనతో ఎలా మాట్లాడాలో అడిగినా చెబుతారు.

ఇంకొక మాట ఆయనకి ఈ పేజీ చూపించి మరీ చెప్పు. ఏడుపు భరించలేక ఒళ్లు మండిపోతున్నప్పుడు పిల్లల్ని వెల్లకిలా పక్క మీద పెట్టేసి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు బయటికి వెళ్లడం తప్పు కాదు. పది నిమిషాలు ఏడ్చినందువల్ల ఏ బిడ్డకీ ఏమీ కాదు. ఊపడం, కుదపడం, విసురుగా పెట్టడం మాత్రం ప్రాణాల మీదకి తెస్తుంది, ఆ వయసు మెడ తలను ఆపలేదు, మెదడులో రక్తం కారుతుంది. ఆయన బయటికి వెళ్తున్నాడంటే బహుశా ఆ కోపం పిల్లల మీద పడకూడదనే వెళ్తున్నాడేమో, అలా అనుకుని ఒకసారి అడిగి చూడు. అప్పటిదాకా ఇద్దరు పిల్లలతో ఆయన్ని ఒంటరిగా వదలకు, మీ అమ్మనో అత్తగారినో ఓ పదిరోజులు వచ్చి ఉండమను, ఆయన్ని రెండు రాత్రులు వేరే గదిలో కడుపునిండా నిద్రపోనివ్వు. మాట్లాడటం ఆ తర్వాత.

ప్రశ్న: విజయవాడ ఎండలకు మా నాలుగు నెలల కవలలు చెమటతో తడిసిపోతున్నారు. కూలర్ పెట్టొచ్చా? మధ్యమధ్యలో నీళ్లు పట్టొచ్చా? ఇద్దరినీ ఒకే ఉయ్యాలలో పడుకోబెడుతున్నాం, పర్లేదా? – ఒక నాన్న, సత్యనారాయణపురం

జవాబు: కూలర్, ఏసీ రెండూ పెట్టొచ్చు, గాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. ఏసీ అయితే 26, 27 దగ్గర ఉంచండి. పలచటి నూలు జుబ్బా ఒకటి చాలు. నీళ్లు ఆరు నెలలు నిండేదాకా చుక్క కూడా వద్దు, ఎంత ఎండైనా సరే, తల్లిపాలే ఇంకో రెండుసార్లు ఎక్కువ పట్టండి, నీళ్లు తాగాల్సింది తల్లి. ఒకే ఉయ్యాల ఇక మానేయండి, నాలుగో నెలలో బోర్లా పడటం మొదలవుతుంది, ఒకరి చేయి ఒకరి ముక్కు మీద పడినా తీసుకోలేరు. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఆడకపోవచ్చు. గట్టి పరుపు మీద, దిండ్లు లేకుండా, వెల్లకిలా, విడివిడిగా. ఎండకి ఒళ్లు వెచ్చగా ఉంది లెమ్మని వదిలేయకుండా థర్మామీటరు పెట్టి చూడండి, జ్వరం ఉండి పాలు తాగకపోయినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా, ఛాతీ లోపలికి పోతూ ఎగపోస్తున్నా అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి బయల్దేరాలి, 108కి చేస్తే వస్తుంది. మూడు నెలలు నిండని పిల్లలున్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉంటే అదొక్కటే చాలు, ఇంకే లక్షణం కోసం చూడకండి.